గవ్వ పక్కన గురిగింజ

చిరంజీవి యశస్వినికి,

అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మనుషులం అందరం బాగున్నాం. గేదె బాగుంది, కోళ్ళు బాగున్నాయి. గౌహతిలో నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుని బాగున్నావనే అనుకుంటున్నాను. పైరు సంగతి మాత్రం ఈ బాగున్నాం అనే మాటలో కలపలేను. అది కింద రాస్తాను.

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. ఫోన్లో నువ్వు అడిగినప్పుడల్లా "రాస్తా ఉండాను పాపా" అని తప్పించుకున్నాను. రాయడానికి కూర్చోనే లేదు. ఇవాళ కూర్చున్నాను. నీ తెలుగు చూసి మీ నాయన ఒకటే నవ్వు, అక్షరాలు పరీక్ష హాల్లో పిల్లల్లా దూరం దూరంగా కూర్చున్నాయట. తమిళ బడిలో చదివిన పిల్ల ఆ మాత్రం రాసిందంటే మెచ్చుకోవాలి గానీ నవ్వుతారా అని నేను గట్టిగానే అడిగాను.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబు చెప్తాను. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నన్ను తొందరపెట్టొద్దు.

మొదటిది గేదె సంగతి. ఈనింది, పెయ్యదూడ, నుదుటి మీద తెల్ల మచ్చ. జున్ను వజ్రమ్మ పెద్దమ్మ వాళ్ళింటికి ఒక గిన్నె పంపాను. గిన్నె వట్టిగా తిరిగి పంపకూడదని ఆమె నాలుగు మునక్కాయలు విరిచి అందులో పెట్టి పంపింది. మీ పెద్దనాయన ఆ జున్ను తినలేదని ఆనక తెలిసింది. తినకపోతే పోయాడు, నాకేం బాధ లేదు అనుకున్నాను. అనుకున్నానే గానీ బాధగానే ఉంది.

రెండోది మీ నాయన మోకాలు. ఆత్తిపట్టు ఫ్యాక్టరీలో నిలబడే పని తగ్గించారు, కుర్చీ ఇచ్చారు. శనివారం సాయంత్రం రైలు దిగి తిరువాలంగాడు స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచే వస్తున్నాడు, అంటే తగ్గినట్టే. ఫ్యాక్టరీలో షణ్ముగం అనే అతనితో నీ చదువు గురించి గొప్పలు పోయాడట. "మా పాప అంతులేని మాట మీద పరిశోధన చేస్తా ఉండాది" అన్నాడట. దానికి షణ్ముగం, "అంతులేని మాట మా ఇంట్లో పెళ్ళైన నాటి నుంచీ ఉండాది గదన్నా, దానికి అంత దూరం పోవాల్నా" అన్నాడట. మీ నాయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, నా మొహం చూసి మళ్ళీ చెప్పలేదు.

నవ్వినా తప్పు లేదులే, నాకూ అర్థం కాలేదు. నువ్వు రాసింది పదిసార్లు చదివాను. అక్షరాలు రెండే. ఏ అక్షరం వచ్చినా దాని బదులు ఏం రాయాలో ఒక నియమం ఉంటుంది, దాన్ని మార్ఫిజం అంటారు. ఒక అక్షరంతో మొదలుపెట్టి ఆ నియమాన్ని మళ్ళీ మళ్ళీ నడిపిస్తే మాట పెరుగుతూ పోతుంది, ముందు రాసింది చెరగదు, చివర మాత్రం ఎప్పటికీ రాదు. ఇంతవరకు తలకెక్కింది. ఆ మాటకు అర్థం ఏమిటి అని ఫోన్లో అడిగితే "అర్థం ఉండదుమా" అన్నావు. అర్థం లేదు, అంతు లేదు, అలాంటిదాన్ని ఐదేళ్ళు స్టైపెండ్ ఇచ్చి చదివిస్తున్నారు. సరే, పెద్ద చదువులు ఇలాగే ఉంటాయేమో అని ఊరుకున్నాను. అందులో ఏ ముక్క కూడా వెంటవెంటనే మూడుసార్లు రాదు, దాని గొప్ప అదే అని రాశావు. మన ఇంట్లో వంకాయ కూర వారంలో ఐదుసార్లు వస్తోంది, దాన్ని చూస్తే మీ సార్లు ఏమంటారో.

ఆ మాటను మన బావి దగ్గరికి తెచ్చింది నువ్వే. మంచికే తెచ్చావు. ఆ సంగతి నేను ఎక్కడా కాదనను.

నీకు తెలిసిన కథే గానీ నా మనసు కుదురుకోవడానికి మళ్ళీ రాస్తున్నాను. మీ తాత పోయినప్పుడు పొలం రెండు భాగాలైంది, బావి ఒకటే మిగిలింది. బేసి తేదీలు మీ పెద్దనాయనకు, సరి తేదీలు మనకు అని పెద్దమనుషులు చెప్పారు. ముప్పై ఒకటో తేదీ వాళ్ళది, మర్నాడు ఒకటో తేదీ, అదీ వాళ్ళదే. ఏడాదికి ఏడుసార్లు ఇలా వస్తుంది. పంతొమ్మిదేళ్ళు ఏడేసి రోజులు ఎక్కువ తోడుకున్నారు. పోయిన మార్చి ముప్పై ఒకటిన మీ నాయనకు తిక్క రేగి, ఒకటో తేదీ పొద్దున్నే పోయి మోటారు ఫ్యూజు పీకేశాడు. పెద్దనాయన చెయ్యెత్తాడు. మోటారు బాగుచేసే నాగలింగం మధ్యలో నిలబడి, ఎత్తిన ఆ చెయ్యి పట్టుకుని, "దొరస్వామన్నా, ఇది నీళ్ళ కోసం పోయే ప్రాణమా" అని ఆపకపోతే ఆ రోజు ఏమయ్యేదో. ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. మేం ఆడవాళ్ళం ఇద్దరం కంచె మీదుగా మాట్లాడుకునేవాళ్ళం.

అప్పుడు నువ్వు రాశావు, తేదీలతో పని లేకుండా వంతులు వేసుకునే దారి ఉందని. "మొదట అమ్మ. అమ్మ ఉన్న ప్రతి చోటా పక్కన పెద్దమ్మను పెట్టాలి. పెద్దమ్మ ఉన్న ప్రతి చోటా పక్కన అమ్మను పెట్టాలి. ఇలా చేసుకుంటూ పొండి. ఎవరికీ ఎక్కువ తక్కువలు రావు. ఎవరు ముందు, ఎవరు వెనక అనే మాట ఉండదు." ఇదే నువ్వు రాసింది. కాగితం నా దగ్గరే ఉంది. పెద్దనాయన ఒప్పుకోలేదు. పెద్దమ్మ ఒప్పించింది. నీకు మూడేళ్ళప్పుడు నాకు పచ్చకామెర్లు వస్తే ఆరు నెలలు నిన్ను తన పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి. నువ్వు చెప్పావంటే ఆమెకు ఇక వేరే మాట లేదు.

చిత్తిరై నెల చివర్లో, మే నడుమ, మన వసారాలో ఇద్దరం కూర్చున్నాం. నాకు గవ్వలు, ఆమెకు గురిగింజలు. ఇక్కడ జరిగింది నువ్వు నిదానంగా చదువు.

"నీ గవ్వలు నువ్వు చూసుకో, నా గింజలు నేను చూసుకుంటా. ఒకరి భాగంలో ఇంకొకరు చెయ్యి పెట్టేది మన ఇంట్లో ఆనవాయితీ లేదు గదా" అంది పెద్దమ్మ. "నువ్వు మొదట పెట్టుకుంటా పో. నువ్వు అయిందన్నాక నేను పెడతా."

నాకూ అది న్యాయంగానే తోచింది. పంపకాలప్పుడు మన పెద్దలు అలాగే చేశారు. నేను ఒక గవ్వ పెట్టాను. నా గవ్వ పక్కన ఒక గురిగింజ పెట్టాను. అయిందన్నాను. ఆమె వచ్చి, తన గురిగింజ ఒకటి ఉంది కదా, దాని పక్కన ఒక గవ్వ పెట్టింది. మూడయ్యాయి. మళ్ళీ నేను మొదటి నుంచీ నా గవ్వలన్నిటి పక్కనా గింజలు పెట్టుకుంటూ పోయాను. ఆమె మొదటి నుంచీ తన గింజలన్నిటి పక్కనా గవ్వలు పెట్టుకుంటూ వచ్చింది. ఎనిమిదయ్యాయి. ఇంకోసారికి ఇరవై ఒకటి. ఇంకోసారికి యాభై ఐదు, వసారా చాలక మెట్లు దిగి వాకిట్లోకి పోయాం.

"పాప ఒక్కో తడవకు రెట్టింపు అవుతుందని రాసింది గదక్కా, ఇది అంతకంటే ఎక్కువ అవుతా ఉండాదే" అన్నాను.

"ఎక్కువైతే మంచిదే గదా. తక్కువైతే గదా కొట్లాట" అంది.

ఆ వరసనే మోటారు షెడ్డు గోడ మీద వేశాం. మనకు సున్నంతో తెల్ల చుక్క, వాళ్ళకు కావితో ఎర్ర చుక్క. పొద్దు గుంకాక ఆ రోజు చుక్క మీద బొగ్గుతో గీత గీస్తాం. నాగలింగం చూసి గుడి గోడలాగా ఉందన్నాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత బావి దగ్గర అరుపులు లేవు. నేను నీ గురించి ఎంత పొంగిపోయానో నీకు ఫోన్లో చెప్పాను కూడా.

ఇక నీ మూడో ప్రశ్న. "మీ మొదటి వంతు అయిన మర్నాటి నుంచి పెద్దమ్మకు రెండు రోజులు వరసగా వస్తాయి కదా, ఆమె సంతోషించిందా?" అని అడిగావు.

నేను ఉత్తరం పట్టుకుని షెడ్డు దగ్గరికి పోయాను. గోడ మీద మొదట తెలుపు, ఆనక ఎరుపు, ఆనక తెలుపు. ఎరుపు రెండు వరసగా ఏవీ అని ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలు పెట్టి చూశాను. యాభై ఐదింట్లో ఎక్కడా లేవు. తెల్ల చుక్కలు మాత్రం చాలా చోట్ల జంటగా ఉన్నాయి. నువ్వు తప్పు రాశావేమో అనుకున్నాను. నేను తప్పు చదివానేమో అనుకున్నాను. నీ కాగితం మళ్ళీ చదివాను, మేము చేసింది అక్షరం తప్పకుండా అదే. గవ్వ పక్కన గింజ, గింజ పక్కన గవ్వ. మరి నీ మాటలో ఉన్నది మా గోడ మీద ఎందుకు లేదు? ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నాకు లెక్కల్లో తల తిరగడం కొత్త కాదు గానీ, చేతులారా చేసింది కూడా అర్థం కాకపోవడం అదే మొదలు.

రెండు రోజులకు కృత్తిక నక్షత్రం వచ్చింది. ఇరవై రెండో చుక్క, వాళ్ళ వంతు, నాకు పని లేదు. తిరుత్తణి కొండ గుడికి పోయాను. కొండ మెట్లకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతున్నాను. సగం దూరంలో మండపంలో కూర్చుని, తెచ్చిన అరిటాకు ముక్క మీద ఊరికే వేలితో ఒక పసుపు చుక్క పెట్టాను. దాని కింద పసుపు, కుంకుమ. వాటి కింద, పసుపుకు పసుపు కుంకుమ, కుంకుమకు కుంకుమ పసుపు. చూస్తే మధ్యలో రెండూ కుంకుమే. నువ్వు రాసిన జంట అక్కడ ఉంది. ఇంకో వరస వేశాను, ఎనిమిది, నాలుగు పసుపు నాలుగు కుంకుమ. ఇంకో వరస, పదహారు, ఎనిమిదీ ఎనిమిదీ. ప్రతిసారీ రెట్టింపే.

అప్పుడు తెలిసింది పాపా. కొండ మీద రెండు రంగులూ నా ఒక్క చేతిలోనే ఉన్నాయి, పాత చుక్కను చూసి కొత్త చుక్కలు వేశాను. ఇంట్లో చేతులు రెండు, నాదొకటి, ఆమెదొకటి. నేను నా గవ్వల పక్కన అప్పుడే కొత్తగా పెట్టిన గింజలను కూడా పెద్దమ్మ పాత వాటితో కలిపి చూసుకుంది. వాటి పక్కన కూడా గవ్వలు పెట్టింది. అవి మరుసటి తడవ కోసం ఆగాల్సిన గింజలు. ఒకరి భాగంలో ఒకరు చెయ్యి పెట్టకూడదని ముందే అనుకున్నాం, అందుకే ఇద్దరం ఒకేసారి చెయ్యలేదు, ఒకరి తర్వాత ఒకరం చేశాం. ఆమె తన చేత్తోనే నాకు గవ్వలు పెంచిపెట్టింది. యాభై ఐదింట్లో ముప్పై నాలుగు మనవి, ఇరవై ఒకటి వాళ్ళవి.

ఒకటి, మూడు, ఎనిమిది, ఇరవై ఒకటి, యాభై ఐదు. ఇది తప్పు కదా, తప్పుకు కూడా ఇంత ఒద్దికగా పెరిగే వరస ఉంటుందా? ఇలాగే పెంచుకుంటూ పోతే ఇదీ ఒక అంతులేని మాటే అవుతుందా? దానికీ మీ చదువులో పేరుందా? నాకు ఏమీ తెలియడం లేదు. కొండ దిగుతూ మెట్టు మెట్టుకూ అదే లెక్క వేసుకున్నాను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి నేను ఎవరికీ చెప్పలేదు. మీ నాయనకు చెప్పలేదు. నువ్వు ఆదివారం ఫోన్ చేసి "బావి ఎట్లుండాదిమా" అంటే "నీ పుణ్యాన బాగుండాది" అన్నాను. తెలిసే అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, మొదట సంతోషమేసింది. దాచను. పంతొమ్మిదేళ్ళు వాళ్ళు ఏడేసి రోజులు ఎక్కువ తోడుకున్నారు, ఇప్పుడు దేవుడే కళ్ళు తెరిచాడు అనుకున్నాను. నేను మోసం చెయ్యలేదు, ఆమె చేత్తో ఆమే పెట్టింది, నాదేం తప్పు అనుకున్నాను. మన వంగతోట ఈ ఏడు కాసినట్టు ఎప్పుడూ కాయలేదు. తిరుత్తణి మార్కెట్టుకు వారానికి మూడుసార్లు కాయలు వేశాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఇరవై రెండు రోజులు గడిపాను. ఆ ఇరవై రెండులో పద్నాలుగు మనకు, ఎనిమిది వాళ్ళకు. గురిగింజ తన కింది నలుపు ఎరగదంటారు. గింజలు పెద్దమ్మవే గానీ ఆ సామెత మాత్రం నాకే తగిలింది.

వాళ్ళు ఈ సొర్ణవారికి ఎకరా వరి నాటారు. ఎండాకాలం పంట, బావి తప్ప ఇంకో దిక్కు లేదు. సాయంత్రమైతే మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, పోతుంది. పైరు ఇప్పుడు పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్ళు తప్పితే వెన్ను బయటికి రాదు, వచ్చినా తాలు గింజలే. పై కయ్యలు రెండూ మడి నడుమ నెర్రెలిచ్చాయి. ఆకు మొనలు ఎర్రబడుతున్నాయి. కింది కయ్యలకు ఇంకా ప్రాణం ఉంది. వారం, మహా అంటే పది రోజులు.

మొన్న సాయంత్రం నేను కంచె పక్కన గడ్డి కోస్తున్నాను. వాళ్ళిద్దరూ గట్టు మీద ఉన్నారు, నన్ను చూడలేదు.

"నాకు ఏనాడైనా రెండు పొద్దులు వరసగా వచ్చిందా? వాళ్ళకైతే వస్తానే ఉండాది. ఎన్న కణక్కు ఇది, ఏం లెక్క? ఆ పాప వాళ్ళమ్మ పక్కనే నిలబడి కణక్కు పోట్టిందా?" అన్నాడు పెద్దనాయన.

పెద్దమ్మ వంగి ఎర్రబడిన ఆకు మొన ఒకటి తుంచింది. ఆనక అంది. "పాపను ఏమీ అనొద్దు. పాప లెక్క తప్పదు. గింజలు నా చేత్తో నేనే పెట్టినాను. మన రాత అట్లుండాది, అంతే."

నేను కొడవలి కింద పెట్టేశాను. ఆమె నన్ను దొంగ అని ఉంటే ఎదురు తిట్టి ఉండేదాన్ని, నా సంగతి నీకు తెలుసు కదా. ఆమె రాత అనుకుంటోంది. నీ మీద నమ్మకం ఉంచుకోవడానికి తన పైరు ఎండిపోవడాన్ని రాతకు అంటగడుతోంది. ఆ రాత ఎవరు రాశారో, ఎప్పుడు తెలుసుకుని నోరు మూసుకున్నారో నాకు తెలుసు.

నిన్న మన వంతు. కరెంటు రాగానే మోటారు వేసి, మన తోటకు పోయే మడవ మూసేసి వాళ్ళ కయ్యల వైపు తీశాను. నీళ్ళు కాలవలో సగం దూరం పోయాయో లేదో పెద్దమ్మ పార తీసుకుని వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా మట్టి లాగి అడ్డం వేసింది. కాలితో తొక్కి గట్టి చేసింది.

"అక్కా, ఆగు. ఇవి మీ నీళ్ళే" అన్నాను.

"గోడ మీద తెల్ల చుక్క ఉండాది. మా నీళ్ళు యాడుండాయి ఇందులో?"

"ఆ చుక్కలే తప్పు. మనిద్దరం పెట్టేటప్పుడు తప్పు జరిగింది. కొత్త గింజల పక్కన గవ్వలు పెట్టకూడదు. నేను కొండ మీద వేసి చూసినా. మీకు ఇప్పటికే ఇరవై రెండు వంతులు రావల్ల, పదిహేడే వచ్చినాయి. ఐదు తడులు మేం ఎక్కువ పెట్టుకున్నాం."

ఆమె నా మొహంలోకి చూసింది. నవ్వింది, అది నవ్వు కాదు. "మా కయ్యలు చూసి జాలిపడినావు, అంతే గదా. జాలి పడేది తప్పు గాదు అలిమేలూ. దానికోసరం పాప లెక్కను తప్పని చెప్పొద్దు. వంతు గాని నీళ్ళు నేను పెట్టుకుంటే మీ బావ రేపు ఊరంతా తలెత్తుకోని తిరగలేడు."

"పాప లెక్క తప్పని నేను చెప్పలే. మనం చేసింది తప్పు."

"పాప చెప్పినట్టే గదా చేసినాం. ఆ కాగితం నేనూ చదివించుకున్నా. మరి పాప ఎందుకు చెప్పలే?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. పాప అడిగింది, నేను ఇరవై రెండు రోజులు జవాబు రాయలేదు అనేది జవాబు. అది నా నోట్లో నుంచి రాలేదు. తప్పు జరిగిందని చెప్పగలిగాను గానీ తెలిసి ఊరుకున్నానని చెప్పలేకపోయాను. అది చెప్పని మనిషి మాటను ఆమె ఎందుకు నమ్ముతుంది, సగం మాట సగం మాటలాగే వినిపిస్తుంది. నీళ్ళు కాలవలో పొంగి దారి మీదికి పారాయి, ఎవరి పైరుకూ కాకుండా. నేను పోయి మోటారు కట్టేశాను.

ఇవాళ గోడ మీద మళ్ళీ తెల్ల చుక్కే. నిన్నా ఇవాళా జంట. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నీకు అందేసరికి వారం దాటుతుంది. అందుకే పేజీలన్నీ ఫొటో తీసి ఫోన్లో పంపుతున్నాను. నోటితో చెప్పొచ్చు కదా అంటావు. నోటితో చెప్తే నేను మధ్యలో ఏడుస్తాను, నువ్వు "పరవాలేదులేమా" అంటావు, అక్కడితో ఆగిపోతుంది. కాగితం ఏడవదు కదా, అందుకని రాశాను.

నువ్వు పెద్దమ్మకు ఫోన్ చెయ్యి. ఆమె నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఎలా చెప్తావో నాకు తెలియదు. నీ అంతులేని మాట గురించి నాకు చెప్పినట్టు చెప్తే ఆమెకు అర్థం కాదు, చింతగింజలూ గులకరాళ్ళూ దగ్గర పెట్టుకోమని చెప్పి ఆమె చేతనే వేయించు. ఆమె ఒక్కతే వెయ్యాలి, రెండూ ఆమె చేత్తోనే. నాలుగు చుక్కలు వేసేసరికి ఆమె రెండు రోజులు పక్కపక్కన కనపడతాయి. అప్పుడు నమ్ముతుంది. ఐదు తడులు వాళ్ళవని చెప్పు. ఆ ఐదూ అయ్యాకే కొత్త వరస వేసుకుంటామని చెప్పు.

అది చెప్పాక ఇంకోటి కూడా చెప్పు. అమ్మకు కృత్తిక నాడే తెలుసు, తెలిసీ దాచింది అని చెప్పు. నా మీద దయతో దాన్ని వదిలెయ్యొద్దు. తప్పు ఇద్దరిదీ అని చెప్పి సర్దొద్దు. తప్పు వేసింది ఇద్దరం, దాచింది నేనొక్కదాన్నే. ఆమె మళ్ళీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. నువ్వు నన్ను ఏమనుకుంటావో అదీ తెలియదు. సెమినార్లో మన బావి గురించి చెప్తాను, సార్ చాలా మెచ్చుకున్నారు అని రాశావే, అది చదివినప్పటి నుంచీ నాకు తల ఎత్తాలంటే సిగ్గుగా ఉంది. ఏం చెప్తావో నీ ఇష్టం. చెప్పకపోయినా సరే. నీ చదువుకు నా వల్ల మచ్చ రాకూడదు, అంతవరకు నాకు తెలుస్తోంది. మిగతాదంతా నాకు గందరగోళంగానే ఉంది.

మీ నాయనకు శనివారం నేనే చెప్తాను. ఆయన అరుస్తాడు, అరవనీ. మీ పెద్దనాయనతో మాట్లాడే పని కూడా ఆయనకే పెడతాను.

ఇది చదివాక నాకు ఫోన్ చెయ్యొద్దు. ముందు పెద్దమ్మకు చెయ్యి. నేను మన మడవ మూసేసి, వాళ్ళ వైపు తీసి, మోటారు వెయ్యకుండా షెడ్డు దగ్గర కూర్చుని ఉంటాను. ఆమె పార లేకుండా వస్తే చాలు, ఏమీ అడగను, స్విచ్ వేస్తాను. ఇవాళ కరెంటు మూడింటిదాకా ఉంటుంది.

ఇట్లు,
వట్టి కాలవ గట్టు మీద కూర్చున్న
మీ అమ్మ,
అలిమేలమ్మ